కట్ట మీద రాయని లోహం

(గ్రంథాలయ వారోత్సవాల్లో రైతులు, వ్యవసాయ డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున ఎరువుల కొట్లో ఒక ఖాళీ డీఏపీ సంచి అడిగి తెచ్చుకున్నాను. ఇదుగో. దీని మీద 18-46-0 అని పెద్దక్షరాల్లో ఉంది. నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం (ఆక్సిజన్‌తో కలిసిన రూపంలో, అంటే P2O5గా లెక్కేసింది). బరువు, ధర, తయారైన నెల, కొక్కేలు వాడొద్దన్న హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. కాడ్మియం అనే విష లోహం ఎంత ఉందో మాత్రం లేదు. కంపెనీ దాచిందని నేను అనడం లేదు. రాయమని మన చట్టం అడగలేదు, అంతే.

నేను చాలా ఏళ్లు భూసార పరీక్షా కేంద్రంలో పనిచేశాను. ఒకసారి ఒక పెద్దాయన ఫలితాల కాగితం అటూ ఇటూ తిప్పి, "నేలలో ఏం తక్కువుందో చెప్పారు బాబూ, ఉండకూడనిది ఏముందో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. 2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి: ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాడ్మియం లేదు, సీసం లేదు, ఆర్సెనిక్ లేదు. ఆయన అడిగిన దాని గురించే ఇవాళ మాట్లాడతాను.

భాస్వరం ఎరువు రాయిలోంచి వస్తుంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా గనిలో ఆ రాయి దొరుకుతుంది కానీ మన అవసరానికి చాలదు. మొరాకో, జోర్డాన్, సెనెగల్, టోగో లాంటి దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటాం. పాతకాలపు సముద్రాల అడుగున పేరుకున్న రాయిలో కాడ్మియం ఎక్కువ. అగ్నిశిల నుంచి వచ్చిన రాయిలో, అంటే రష్యాలోని కోలా, దక్షిణాఫ్రికాలోని ఫలబోర్వా రాయిలో చాలా తక్కువ. రాయిని గంధకామ్లంలో కరిగిస్తే భాస్వరపు ఆమ్లం ఒక పక్కకు, జిప్సం మరో పక్కకు వస్తాయి. కాడ్మియంలో ఎక్కువ భాగం ఆమ్లంతో పాటే వెళ్లి ఎరువు కట్టలోకి చేరుతుంది. కట్టలో ఎంత ఉందన్నది రాయి పుట్టిన ఊరును బట్టి ఉంటుంది. ఒకే పేరుతో ఒకే కొట్లో పక్కపక్కనే పేర్చిన రెండు కట్టల్లో ఒకదానికొకటి పొంతన లేనంత తేడా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. వెనక వరుసలో కూర్చున్న డిప్లొమా పిల్లలు నాతో పాటు వేయండి. 50 కిలోల కట్టలో 46 శాతమంటే 23 కిలోల భాస్వరం. యూరప్ చట్టం ప్రకారం కిలో భాస్వరానికి 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదు. సరిగ్గా ఆ హద్దు మీదే ఉన్న కట్ట అనుకుందాం. 23 ఇంటూ 60, 1380 మిల్లీగ్రాములు. గ్రామున్నర కూడా కాదు. ఎకరం నేలలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో ఈ గ్రామున్నర ఏ మూలకు? ఏడాదికి రెండు కట్టల చొప్పున 50 ఏళ్లు వేస్తే 138 గ్రాములు. కిలో మట్టికి 0.15 మిల్లీగ్రాములు పెరిగినట్టు. పంటతోనూ నీటితోనూ పోయేది నేనిక్కడ తీసేయలేదు.

ఈ అంకె చూసి భయపడాలా, నవ్వుకోవాలా? న్యూజిలాండ్ కథ వినండి.

అక్కడి కొండల మీద పచ్చికకు భాస్వరం చాలదు. పసిఫిక్ సముద్రంలో నౌరూ అని చిన్న దీవి ఉంది, మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. ఆ దీవి రాయిని తవ్వి తెచ్చి సూపర్ ఫాస్ఫేటు చేశారు. 1949 నుంచి విమానాలతో కొండల మీద చల్లారు. పచ్చిక ఏపుగా పెరిగింది, గొర్రెలు బలిశాయి. నౌరూ రాయిలో కాడ్మియం బాగా ఎక్కువని లెక్కలోకి వచ్చేసరికి దశాబ్దాలు గడిచాయి. ఆ దేశపు సహజ నేలల్లో కిలోకు సగటున 0.16 మిల్లీగ్రాములుంటే, సాగు నేలల్లో 0.35 తేలింది. తేడా 0.19. ఇందాక మనం కాగితం మీద వేసిన 0.15 దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

గడ్డి తిన్న జీవానికి మూత్రపిండాల్లో ఆ లోహం చేరింది. వయసు పెరిగేకొద్దీ అక్కడే పేరుకుంటుంది. అందుకని 30 నెలలు దాటిన గొర్రెల, పశువుల మూత్రపిండాలను మనుషుల తిండికి వాడకూడదని అక్కడ నియమం పెట్టారు. మాంసం అమ్ముకోవచ్చు, ఆ ఒక్క భాగం పారేయాలి. ఆ తర్వాత ఎరువుల కంపెనీలే హద్దు గీసుకున్నాయి, వేరే రాళ్లు కలిపి కాడ్మియం తగ్గించాయి. 2011లో దేశమంతటికీ ఒక ప్రణాళిక వచ్చింది. నేలలో ఎంత ఉందో చూసి అంచెలుగా విడగొట్టి, అంచె పెరిగేకొద్దీ ఏ ఎరువు వేయాలో, ఎంత వేయాలో కట్టడి చేస్తారు. వాళ్ల హద్దు కిలో శుద్ధ ఫాస్ఫరస్‌కు 280 మిల్లీగ్రాములు. మనం భాస్వరాన్ని P2O5గా లెక్కిస్తాం కాబట్టి మన లెక్కలోకి మారిస్తే సుమారు 122 అవుతుంది, యూరప్ హద్దుకు రెట్టింపు.

యూరప్ హద్దు కూడా తేలిగ్గా రాలేదు. 2016లో పెట్టిన ప్రతిపాదనలో 60తో మొదలుపెట్టి, మూడేళ్లకు 40, పన్నెండేళ్లకు 20కి దించాలన్నారు. అంత దించితే మొరాకో రాయికి గిరాకీ పడిపోతుంది, రష్యా రాయికి పెరుగుతుంది. రాయి ఎవరిదో చూసుకుని దేశాలు వాదించుకున్నాయి. చివరికి 2019లో 60 దగ్గర ఆగారు, 2022 జూలై నుంచి అమలు. 20 కంటే తక్కువ ఉంటే ఆ మాట కట్ట మీద రాసుకోవచ్చు. నాకు నచ్చింది ఈ రాసుకునే పద్ధతి. కొనేవాడికి తెలిస్తే కొంత పని దానంతటదే అవుతుంది.

మన సంగతికొద్దాం. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నగరాల చెత్తతో చేసే కంపోస్టుకు కాడ్మియం హద్దు ఉంది, కిలోకు 5 మిల్లీగ్రాములు. జింకు సల్ఫేటుకు ఉంది, 0.0025 శాతం. డీఏపీకి, సూపర్ ఫాస్ఫేటుకు లేదు! పెరటి కుప్పకు కాపలా పెట్టి సింహద్వారం తెరిచినట్టుంది. జింకు సల్ఫేటు మీద ఇంకో మాట. హద్దులో ఉన్నదే ఎకరాకు 20 కిలోలు వేస్తే అర గ్రాము కాడ్మియం పోవచ్చు. హద్దులో లేని నకిలీ సరుకు మాటేమిటి? జింకు ఎరువును పరిశ్రమల వ్యర్థాల నుంచి కూడా తీస్తారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని క్విన్సీ అనే ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు ఎరువుల్లో కలుస్తున్నాయని 1997లో సియాటిల్ టైమ్స్ పత్రిక బయటపెట్టాకే అక్కడ చట్టం మారింది. అందుకే చెబుతున్నా, రసీదు లేకుండా జింకు కొనకండి.

నేలలో ఉన్నదంతా గింజలోకి రాదు. ఇక్కడే రైతు చేతిలో కొంత పని ఉంది. నేల పులిసేకొద్దీ, అంటే ఆమ్లత్వం పెరిగేకొద్దీ కాడ్మియం కదిలి వేరుకు అందుతుంది. మన రేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ, అక్కడ అది బిగుసుకుని ఉంటుంది. ఎర్రనేలల్లో ఆ రక్షణ తక్కువ. పశువుల ఎరువు, జీలుగ, జనుము దున్నిన నేల దాన్ని పట్టి ఉంచుతుంది. జింకు లోపమున్న మొక్క జింకు దారిలోనే కాడ్మియాన్నీ లోపలికి లాక్కుంటుంది. ఉప్పు బోరు నీళ్లు పెట్టినా ఎక్కువ ఎక్కుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో బంగాళాదుంప రైతులకు ఇది అనుభవంలోకి వచ్చింది. తీరప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. పాలకూర, పొగాకు ఆకుల్లో నింపుకుంటాయి. పొగ తాగేవాడికి తిండిలోది చాలక ఊపిరితిత్తుల దారిలో రెండో వాటా అందుతుంది.

వరి తీరు వేరు. మడిలో నీళ్లు నిలిచి ఉంటే కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలో ఉంటుంది. నీళ్లు తీసి మడి ఆరబెడితే విడిపోతుంది. అందుకే జపాన్‌లో లోహాలు చేరిన పొలాల్లో వెన్ను వేసే దశకు ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు నీళ్లు నిలపమంటారు. కానీ నీళ్లు నిలిపితే ఆర్సెనిక్ లేస్తుంది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతుంది. అందుకని వాళ్లు వంగడం దారి పట్టారు. కాడ్మియాన్ని వేరు నుంచి లోపలికి రానివ్వని రకాన్ని తయారుచేసి 2025 నుంచి అకిటా ప్రాంతంలో పెద్దఎత్తున వేస్తున్నారు. జపాన్‌కు ఇంత పట్టుదల ఊరికే రాలేదు. జింజు నది ఒడ్డున ఇటాయ్ ఇటాయ్ అనే జబ్బు వచ్చింది. "అబ్బా, నొప్పి" అని దాని అర్థం, ఎముకలు విరిగేవి. 1968లో ప్రభుత్వం అది కాలుష్యపు జబ్బేనని ఒప్పుకుంది. అది గని నీళ్లలోని కాడ్మియంతో వచ్చిన జబ్బు, ఎరువులతో కాదు. దాన్ని చూపించి డీఏపీ వేస్తే ఎముకలు విరుగుతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అడుగుతారని తెలుసు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడితోటల మధ్య చాలామంది డయాలసిస్‌కు వెళ్తున్న ఊళ్లున్నాయి. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్లన్నారు, వేడన్నారు, మందులన్నారు, లోహాలన్నారు. శ్రీలంకలో అనురాధపురం వైపు ఇలాంటి జబ్బే ఉంది. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఆపేసినప్పుడు చెప్పిన కారణాల్లో కిడ్నీ జబ్బు ఒకటి. ఏడాది తిరక్కుండా వెనక్కి తగ్గారు, అయినా వరి దిగుబడి కూలింది. అనుమానాన్ని తీర్పుగా మారిస్తే రైతే నష్టపోతాడు. కాడ్మియం ఒకసారి మూత్రపిండంలో చేరితే సగం పోవడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుందన్నది మాత్రం అనుమానం కాదు.

మరి రేపు పొద్దున ఏం చేయాలి? భూసార కార్డులో భాస్వరం "ఎక్కువ" అని వచ్చినా అలవాటుగా దుక్కిలో కట్ట గుమ్మరించేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, చేతులెత్తమని అడగను. వాళ్లు మోతాదు తగ్గించి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను పశువుల ఎరువుతో కలిపి వేస్తే ఖర్చూ తగ్గుతుంది, కాడ్మియమూ తగ్గుతుంది. రైతు సంఘాల వాళ్లు ఈసారి అధికారులకిచ్చే వినతిపత్రంలో ధర, సరఫరాలతో పాటు ఇంకో వాక్యం రాయండి: భాస్వరం కట్ట మీద కాడ్మియం అంకె వేయాలి.

లోహాల పరీక్ష చేయించాలనుకునేవాళ్లకు చివరిగా ఒక్క మాట. మట్టి తీయడానికి తుప్పు పట్టిన పార వద్దు, కర్రతోనో ప్లాస్టిక్ గరిటెతోనో తీయండి. తీసినదాన్ని జింకు పూత బకెట్లో మాత్రం వేయొద్దు. ఆ పూతలోంచి లోహం మట్టికి అంటుకుంటుంది. మీ పొలంలో లేని కాడ్మియాన్ని మీరే ల్యాబుకు మోసుకెళ్లినట్టవుతుంది.