బొంత ఎవరికి? కత్తెర పట్టేముందే తేల్చుకోండి

శ్రోతలకు నమస్కారం.

చలికాలం దగ్గరపడుతుందనగా పాత నేతచీరలు బయటికి తీసి, బొంతలు కుట్టి ఎవరికైనా ఇద్దామనుకునేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. బట్ట ఉంటుంది, తీరిక ఉంటుంది, చేతిలో పనీ ఉంటుంది. నాలుగు బొంతలు కుట్టేస్తారు. ఆ తర్వాత ఎవరికివ్వాలో తెలియక ఫోన్లు మొదలుపెడతారు. ఈ వరస తిరగేయాలి. ముందు ఇచ్చే చోటు ఖాయం కావాలి, ఆ తర్వాతే కత్తెర. పిల్లల హోముకు సరిపోయే బొంత వృద్ధాశ్రమంలో కాళ్ళు కప్పదు. వృద్ధులకు వెచ్చగా ఉండే దళసరి బొంత నైట్ షెల్టరులో ఉతికితే ఆరదు.

చోటు వెతకడం అంత కష్టం కాదు. పట్టణాల్లో ఇల్లూవాకిలీ లేనివారి కోసం నడిచే షెల్టర్ల వివరాలు మున్సిపాలిటీలో పట్టణ పేదరిక నిర్మూలన పనులు చూసే మెప్మా విభాగంలో దొరుకుతాయి. హైదరాబాదులో అయితే జీహెచ్ఎంసీని అడగాలి. వృద్ధాశ్రమాల కోసం పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. పిల్లల గృహాల సంగతి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి తెలుస్తుంది. గిరిజన ఆశ్రమ పాఠశాలలకు ఇవ్వాలనుకుంటే పాడేరు, ఉట్నూరు వంటి చోట్ల ఉన్న ఐటీడీఏ, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయానికి ఓ ఉత్తరం రాయండి. లంబసింగి, చింతపల్లి, ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. మైదాన ప్రాంతంలో చాలిన బొంత అక్కడ చాలదు.

ఫోన్ చేసినప్పుడు "తీసుకుంటారా?" అని అడిగి ఊరుకోవద్దు. మొహమాటానికి చాలామంది సరేనంటారు, బొంత మాత్రం గోదాములో పడి ఉంటుంది. ఎంతమంది ఉన్నారు, పడుకునేది మంచం మీదా చాప మీదా, చేత్తో ఉతుకుతారా మిషనులోనా, ఎక్కడ ఆరేస్తారు, పాత బట్టతో కుట్టింది పనికొస్తుందా లేక కొత్తదే కావాలా అని అడగండి. మనిషికొక్కటి చొప్పున ఇవ్వగలరో లేదో కూడా అప్పుడే లెక్క వేసుకోండి. ఎనభైమంది పిల్లలున్న హాస్టలుకు పన్నెండు బొంతలు తీసుకెళితే ఆ రాత్రి వార్డెనుకు పంచాయితీ తప్పదు. పన్నెండే కుట్టగలిగితే పన్నెండుమంది ఉన్న చోటు చూసుకోవడం మేలు.

ఇక కొన్ని చోట్లకు అసలు ఇవ్వకూడదు. ఆసుపత్రుల్లో నవజాత శిశువుల వార్డుకు బయటి బొంతలు పట్టుకెళ్ళవద్దు, అంటురోగాల భయం ఉంటుంది. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట బొంతలు, దిండ్లు, వదులు దుప్పట్లు ఉంచకూడదని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. ముఖం మీద పడితే ఆ వయసు పిల్లలు తీసేసుకోలేరు. శిశుగృహానికి ఏదైనా ఇవ్వాలనే ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు పక్కన పెద్దవాళ్ళుండగా నేల మీద పరిచే పలచని బొంత కుట్టండి. ఆ సంగతి ఇచ్చేటప్పుడు చెప్పండి కూడా.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం. ఆరు గజాల చీర అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని అయిదేసి అడుగుల ముక్కలు మూడు చేస్తే, ఇంకో మూడడుగులు మిగులుతుంది. మూడు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే అయిదడుగుల పొడవు, చీర పన్నా ఎంతో అంత వెడల్పు, అంటే దాదాపు మూడు ముప్పావు అడుగులు. బడి పిల్లలకు ఇది చక్కని కొలత, ఒక్క చీరతో తేలిపోతుంది. మిగిలిన ముక్కను రెండున్నర అంగుళాల పట్టీలుగా, పన్నా పొడవున కత్తిరించండి. అయిదు పట్టీలు అతికితే చుట్టూ అంచుకు సరిపోతుంది.

పెద్దవాళ్ళకైతే రెండు చీరలు కావాలి. అలాంటి ముక్కలే రెండేసి పక్కపక్కన అంచులు కలిపి కుడితే అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు వస్తుంది. ఆరు ముక్కలకు మూడు పొరలు. ఇది ఇంచుమించు సింగిల్ దుప్పటి కొలతే. కాబట్టి ఏజెన్సీ ప్రాంతానికి పంపేటట్టయితే మధ్యలో ఓ పాత నూలు దుప్పటి వేస్తే నాలుగో పొర అవుతుంది. అక్కడితో ఆపేయండి. పొరలు ఎక్కువైతే వెచ్చదనం పెరిగే మాట నిజమే గానీ, తడిసిన బొంతను ఎత్తి పిండేది అక్కడుండే ఒకే ఒక్క ఆయా. దూది నింపినదైతే మరీ ఇబ్బంది. ఉతికితే దూది ఒకవైపుకు చేరి ఉండలు కడుతుంది, ముసురు పడితే రెండు రోజులకూ ఆరక ముక్కవాసన వస్తుంది. ఇంట్లో ఎండకు వేసి దులిపి వాడుకునే రజాయి వేరు, పదిమంది వాడి వారం వారం ఉతికేది వేరు. ఇంత మంచి దూది పెట్టాం కదా, ఎందుకు వద్దంటున్నారని నొచ్చుకునేవాళ్ళున్నారు. వాళ్ళ నీళ్ళ తొట్టీ, దండెమూ చూస్తే సంగతి తెలుస్తుంది.

బట్ట నూలుదే ఉండాలి. పాలియెస్టరు చీరలు చెమట పీల్చవు, చలిమంట దగ్గర నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. జరీ అంచు గీరుకుంటుంది, కోసేయండి. చమ్కీలు, అద్దాలు, గుండీలు పిల్లల నోట్లోకి పోతాయి. చీరను రెండు చేతులతో పట్టి గట్టిగా లాగి చూడండి, చిరిగితే ఆ భాగం మసిగుడ్డకే. కత్తిరించే ముందు వేడినీళ్ళలో ఉతికితీరాలి. కుట్టాక ఉతికితే ఒక పొర కుదించుకుపోయి, ఇంకోటి అలాగే ఉండి, బొంతంతా ముడుచుకుపోతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగే చీర బయటపడుతుంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందనే మాట నమ్ముకోవద్దు.

పొరలు నేల మీద బిగువుగా పరిచి, జానెడుకొకటి చొప్పున పెద్ద టాకాలు వేయండి. కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్ళాలి. అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తే మిగులు బట్టంతా నడిమికి చేరి బుడగలా లేస్తుంది. దారం రెండు పోగులు, వరసకూ వరసకూ మధ్య రెండంగుళాలు, కుట్టు వడ్లగింజంత. వరసలు దూరమైతే ఉతికేటప్పుడు పొరలు జారి, దారం మీద బరువు పడి తెగుతుంది. బొంత ముందుగా పాడయ్యేది అంచు దగ్గరే. అందుకే పట్టీని రెండు మడతలు వేసి, వీలైతే మిషను మీద రెండు కుట్లు వేయించండి. గుండుసూదులు మొదలుపెట్టేటప్పుడు ఎన్ని తీశారో అన్నీ తిరిగి డబ్బాలోకి రావాలి. అయినా ఒకసారి అయస్కాంతంతో బొంతంతా తడమండి.

ఇచ్చే రోజు వరకు దాచేటప్పుడు కలరా ఉండలు వేయకండి. వాటిలోని నాఫ్తలీన్, పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్రరక్తకణాలను పగలగొట్టి, కామెర్లు, రక్తహీనత తెస్తుంది. ఆ లోపం ఎవరిలో ఉందో చూసి చెప్పలేం. ఉతికి, బాగా ఎండబెట్టి, శుభ్రమైన గుడ్డసంచిలో పెడితే చాలు.

ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. చలి ముదిరాక జనవరిలో తీసుకెళితే సగం కాలం అప్పటికే గడిచిపోయి ఉంటుంది. అక్టోబరు చివరికల్లా చేర్చండి. వరదల మాట వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినట్టు నీళ్ళు చుట్టుముట్టిన మొదటి రోజుల్లో కావలసింది తాగునీరు, అన్నం, పొడిబట్టలు. బొంత బోటులో చోటు ఆక్రమిస్తుంది, తడిస్తే ఎందుకూ పనికిరాదు. నీళ్ళు తీసి ఇళ్ళు కడుక్కున్నాక, పరుపులన్నీ పారేసినప్పుడు దాని అవసరం వస్తుంది.

కుట్టే ఓపిక లేనివాళ్ళు శుభ్రమైన నూలు చీరలనే ఇవ్వవచ్చు. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పాత బట్టలతో సుజనీ అనే బొంతలు తయారు చేయిస్తుంది. రవాణా, సార్టింగు ఖర్చులకు బట్టలతోపాటు కొంత డబ్బు కూడా ఇమ్మని వాళ్ళు కోరతారు, అది న్యాయమే. ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే వర్తిస్తుంది. బొంతకు విలువ కట్టి రసీదు ఇమ్మని సంస్థను ఒత్తిడి చేయకండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇక్కడికి పార్సిల్ పంపడం కన్నా అక్కడే ఇవ్వడం తేలిక. 1995లో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ కష్టంలో ఉన్న పిల్లలకు చేత్తో చేసిన దుప్పట్లు, బొంతలు అందిస్తుంది. అవి కొత్తవీ, ఉతకడానికి వీలైనవీ అయి ఉండాలి. కాబట్టి అమ్మ పాత చీరతో కుట్టింది అక్కడ కుదరదు. సైన్యంలో పనిచేసినవారికి బొంతలు బహూకరించే క్విల్ట్స్ ఆఫ్ వాలర్ కొలత విషయంలో పట్టుగా ఉంటుంది: 55 అంగుళాలకు 65 కన్నా చిన్నది, 72కు 90 కన్నా పెద్దది తీసుకోదు.

పిల్లల గృహానికి వెళ్ళినప్పుడు ఫోటోల సరదా మానుకోండి. అక్కడి పిల్లలెవరో బయటపడేలా ఫోటోలు, పేర్లు ప్రచురించడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. బొంత మూలన చిన్న గుడ్డముక్క మీద "నూలు, రంగు బట్టలతో కలిపి ఉతకవచ్చు" అని చెరగని సిరాతో రాసి కుట్టండి. ఉతికే మనిషికి పనికొచ్చేది ఆ మాటే, దాత పేరు కాదు.

మనుషులకివ్వడానికి తగని బొంతలు ఉంటాయి. అతుకులు వీడినవి, మరక పోనివి. అవి జంతు సంరక్షణ కేంద్రాలకు పనికొస్తాయి. దెబ్బతిన్న కుక్కల కింద రోజుకు రెండుసార్లు మార్చాల్సి వస్తుంది కాబట్టి వాళ్ళకెప్పుడూ కొరతే. దూది బయటికొచ్చింది మాత్రం వద్దు, కుక్కపిల్లలు పీకి మింగేస్తాయి. వేలాడే దారాలు కత్తిరించి, రెండడుగుల ముక్కలుగా కోసి, అంచులు మడిచి ఒక కుట్టు వేసి ఇవ్వండి.