చచ్చిపోక తప్పని అందం: జాన్ కీట్స్ రాసిన 30 పంక్తులు

[తెల్లవారుజాము. గులాబీ రేకు మీద మంచు చుక్క. సంగీతం లేదు.]

ఇంగ్లీషు సాహిత్యం ఒక్క సెమిస్టరైనా చదివినవాళ్లకి ఈ మాట గుర్తుండే ఉంటుంది. అందమైనది ఏదైనా సరే, అది ఎప్పటికీ ఆనందమే. జాన్ కీట్స్ మాట ఇది. 1818లో అచ్చయిన ‘ఎండిమియన్’ కావ్యానికి మొదటి పంక్తి.

మరుసటి ఏడాది, 1819లో, అదే కవి ఇంకో పద్యం రాశాడు. అందులో విషాదం ఒక స్త్రీ. ఆమె ఎవరితో కలిసి ఉంటుందో చెప్పాడు. అందంతో. ఎలాంటి అందం? చచ్చిపోక తప్పని అందం.

ఎప్పటికీ ఉండే ఆనందం ఏడాది తిరిగేసరికి చచ్చిపోయే అందం ఎందుకయింది? ఆ మధ్య కీట్స్ ఇంట్లో ఏం జరిగింది?

[తెర మీద: లండన్, హ్యాంప్‌స్టెడ్. 1818]

ముందు ఒక చిన్న సంగతి. కీట్స్‌ది రొమాంటిక్ కవిత్వం. రొమాంటిక్ కవిత్వం అనగానే చాలామంది ప్రేమ కవిత్వం అనుకుంటారు. మనవాళ్లు దాన్ని కాల్పనిక కవిత్వం అన్నారు. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి 1798లో ఒక సంపుటి వేశారు. ఇంగ్లండ్‌లో ఈ గాలి గట్టిగా వీచింది అక్కణ్ణుంచే. మనిషి లోపల కదిలేదానికి పెద్దపీట వేసిన కవిత్వం అనుకుంటే ఇప్పటికి చాలు.

కీట్స్ పుట్టింది 1795 అక్టోబర్ 31న. తండ్రి లండన్‌లో గుర్రాల శాల నడిపేవాడు. కీట్స్‌కి ఎనిమిదేళ్లప్పుడు, 1804లో, గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. తల్లి 1810లో క్షయతో పోయింది. పిల్లవాణ్ణి ఒక వైద్యుడి దగ్గర పనికి కుదిర్చారు. తర్వాత లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో చదివాడు, ఆపరేషన్లలో సర్జన్ పక్కన నిలబడి గాయాలకు కట్లు కట్టాడు. మత్తుమందు ఇచ్చి కోత కోసే రోజులు కావవి. రోగి కేకలు వింటూనే పని చేయాలి. 1816లో వైద్యం చేయడానికి లైసెన్సు చేతికొచ్చింది. కొన్నాళ్లకే అదంతా వదిలేసి కవిత్వంలోకి వచ్చేశాడు.

ఈ వైద్యం చదువు సంగతి గుర్తుపెట్టుకోండి. పద్యంలోకి వెళ్లాక పనికొస్తుంది.

1818 వేసవిలో ఒక తమ్ముడు జార్జ్ అమెరికా వెళ్లిపోయాడు. ఇంకో తమ్ముడు టామ్‌కి క్షయ. ఆ శరత్తంతా కీట్స్ టామ్ మంచం పక్కనే గడిపాడు. డిసెంబర్ 1న టామ్ పోయాడు. పంతొమ్మిదేళ్లవాడు. క్షయ ఒక క్రిమి వల్ల వస్తుందని రాబర్ట్ కోక్ కనిపెట్టింది 1882లో. టామ్ రోజుల్లో దగ్గర కూర్చుని చూడటం తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వైద్యం చదివినవాడికి అది ఇంకెంత నరకమో.

[ఇంటి వెనక తోట. ప్లమ్ చెట్టు. కింద ఖాళీ కుర్చీ.]

1819 వసంతం. ఇప్పుడు కీట్స్ తన స్నేహితుడు చార్ల్స్ బ్రౌన్ ఇంట్లో ఉన్నాడు. ఇంటి దగ్గర ఒక నైటింగేల్ గూడు కట్టింది. మన కోయిల కాదది, చిన్న గోధుమరంగు పిట్ట, రాత్రిళ్లు కూడా పాడుతుంది. ఒక ఉదయం కీట్స్ టిఫిన్ బల్ల దగ్గరి కుర్చీ తీసుకెళ్లి ప్లమ్ చెట్టు కింద వేసుకుని రెండు మూడు గంటలు కూర్చున్నాడట. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కాగితం ముక్కలున్నాయట. ఇదంతా బ్రౌన్ తర్వాత రాసిన జ్ఞాపకం. అలా వచ్చిన నైటింగేల్ పద్యంలో ఒక పంక్తి ఉంది: ఇక్కడ యవ్వనం పాలిపోయి, దయ్యంలా చిక్కి, చచ్చిపోతుంది. టామ్ పేరు ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

ఇక మొదట చెప్పిన పద్యం, ఆ ఏడాదే రాసిన ‘ఓడ్ ఆన్ మెలంకలీ’ (మెలంకలీ అంటే విషాదం) దగ్గరికి వద్దాం. పది పంక్తుల చొప్పున మూడు చరణాలు, మొత్తం 30 పంక్తులు.

మొదటి చరణం నిండా ‘వద్దు’లే. అన్నీ మరిపించే లీథీ నది వైపు పోవద్దు. వుల్ఫ్స్‌బేన్ వేరు పిండి ఆ విషం తాగొద్దు (మన వత్సనాభి దీని జాతిదే). నైట్‌షేడ్ అనే విషపు మొక్క జోలికి పోవద్దు. శ్మశానాల్లో పెరిగే యూ చెట్టు కాయలతో జపమాల గుచ్చుకోవద్దు. ఈ జాబితా రాసింది మందుల వాసన తెలిసిన చెయ్యి. ఏ వేరు ఎంత నూరితే ఏమవుతుందో చదువుకున్నవాడు చెబుతున్నాడు, వద్దని.

ఎందుకు వద్దు? ఇక్కడే నేను ప్రతిసారీ ఆగిపోతాను. ప్రాణం పోతుందని కాదు. నీడ మీద నీడ కమ్ముకుని, మత్తు ముంచుకొచ్చి, ఆత్మలో మేలుకుని ఉన్న వేదనను ముంచేస్తుందట. అందుకు వద్దు. మేలుకుని ఉన్న వేదన! నొప్పి పోగొట్టుకోమని కాదు, దాన్ని నిద్రపుచ్చొద్దని అంటున్నాడు. డిగ్రీలో పరీక్ష కోసం నేను నోట్సులో ‘కీట్స్ పలాయనవాది’ అని రాసుకుని బట్టీ పట్టాను. ఈ ఒక్క చరణం నిదానంగా చదివి ఉంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు.

[వాన. తలలు వాల్చిన పూలు. వెనక పచ్చటి గుట్ట మసకబారుతూ.]

రెండో చరణం. విషాదం ఏడ్చే మబ్బులోంచి వానలా హఠాత్తుగా పడుతుంది. ఆ వాన ఏప్రిల్ గుట్టను శవం మీద గుడ్డలా కప్పేస్తుంది, తలవాల్చిన పూలకు అదే నీళ్లూ పోస్తుంది. రెండు పనులూ చేసేది ఒకటే వాన. అలాంటప్పుడు ఏం చేయాలట? నీ దుఃఖానికి పొద్దుటి గులాబీతో కడుపు నింపు. ఇసుక ఒడ్డున ఉప్పు అల మీద లేచిన ఇంద్రధనుస్సుతో నింపు. గుండ్రటి పియొనీ పూలతో నింపు.

గమనించండి, అన్నీ కాసేపట్లో పోయేవే. పొద్దుటి గులాబీకి సాయంత్రం ఉండదు. అల మీది ఇంద్రధనుస్సుకి క్షణమే ఆయుష్షు. నిలిచి ఉండేది ఒక్కటీ ఎంచుకోలేదు.

మూడో చరణంలో ఆనందం చెయ్యి ఎప్పుడూ పెదవుల మీదే ఉంటుంది, వెళ్లొస్తానని చెబుతూ. ఇల్లు దాటేటప్పుడు గుమ్మంలో నిలబడిపోయిన చుట్టం లాగా. ఆనందం కట్టుకున్న గుడిలోనే మేలిముసుగు వేసుకున్న విషాదానికి గర్భాలయం ఉంది. ఆ తల్లి అందరికీ కనపడదు. ఆనందమనే ద్రాక్షపండును నాలుకతో అంగిట్లో నొక్కి పగలగొట్టగలిగినవాడికే కనపడుతుంది. పండు పగిలినప్పుడే రుచి, పగిలిందంటే ఇక పండు లేదు.

టామ్ పోయిన ఆరు నెలలకు అటూ ఇటూగా రాసిన పంక్తులివి. ఆ ఏప్రిల్‌లోనే అమెరికాలోని జార్జ్ దంపతులకు రాసిన ఉత్తరంలో, ఈ లోకాన్ని కన్నీటి లోయ అనొద్దు, ఆత్మ తయారయ్యే లోయ అనండి అని రాశాడు.

తెలుగులో పెరిగిన మన చెవికి ఇక్కడొక చిక్కు ఉంది. మనకి ఈ ఇంగ్లీషు గాలి భావకవిత్వం ద్వారా వచ్చింది. విషాదం అనగానే దేవులపల్లి కృష్ణశాస్త్రి గొంతే మోగుతుంది: ‘నాకుగాదులు లేవు, నాకుషస్సులు లేవు’. ఎంత గొప్ప పంక్తి! ఆ చెవితోనే కీట్స్‌ని వింటే ఇద్దరిదీ ఒకటే ఏడుపనిపిస్తుంది. కాదు. ఆ పంక్తిలోని దుఃఖానికి ఉషస్సు లేదు. కీట్స్ దుఃఖం ఉషస్సులోనే ఉంది, గులాబీ విచ్చుకునే వేళ.

[తెర మీద: రోమ్, 1821]

1820 ఫిబ్రవరి 3 రాత్రి కీట్స్ దగ్గితే పక్క మీద రక్తం చుక్క పడింది. కొవ్వొత్తి తెప్పించుకుని చూశాడు. ఆ రంగు నాకు తెలుసు, ఇది ధమని రక్తం, నా మరణశాసనం అని బ్రౌన్‌తో అన్నాడు. చదివిన వైద్యం అలా పనికొచ్చింది. వెచ్చటి గాలి కోసం ఆ సెప్టెంబర్‌లో ఇటలీకి ఓడ ఎక్కాడు. తోడుగా వెళ్లింది జోసెఫ్ సెవర్న్ అనే చిత్రకారుడు. టామ్ దగ్గర కీట్స్ ఎలా కూర్చున్నాడో, రోమ్‌లో కీట్స్ దగ్గర సెవర్న్ అలా కూర్చున్నాడు.

1821 ఫిబ్రవరి 23న కీట్స్ పోయాడు. ఇరవై అయిదేళ్లు. అంతకు ముందు తనను పూడ్చబోయే చోటు చూసి రమ్మని సెవర్న్‌ని పంపాడు. సెవర్న్ తిరిగొచ్చి అక్కడి గడ్డి గురించి, మేస్తున్న మందల గురించి, డైసీ పూల గురించి, వయొలెట్ పూల గురించి చెప్పాడు. కీట్స్‌కి వయొలెట్లంటే ప్రాణం. సమాధుల మీద అవి అల్లుకుపోయి ఉన్నాయని విని ఎంత సంతోషించాడో సెవర్న్ రాసి పెట్టాడు.

[గడ్డిలో వయొలెట్ పూలు. చీకటి.]