దెబ్బ తగిలిన పిల్లల కాలేయంలో రక్తనాళాలు: స్కాన్‌లో ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి

సభకు నమస్కారం. సైకిల్ హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకున్న బిడ్డకు పైకి కనిపించేది బొడ్డు పైన గుండ్రంగా కమిలిన మచ్చ ఒక్కటే కావచ్చు. అయితే పిల్లల పక్కటెముకలు మెత్తగా వంగిపోతాయి కాబట్టి, అవి విరగకుండానే దెబ్బ తీవ్రత కాలేయానికీ, అందులోని రక్తనాళాలకూ చేరుతుంది.

అత్యవసర విభాగంలో చేసే అల్ట్రాసౌండ్ మామూలుగా ఉన్నంత మాత్రాన కాలేయం క్షేమమని అనుకోలేము. రక్తపోటు నిలకడగా ఉండి, అనుమానం బలంగా ఉంటే కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే మందు) ఇచ్చి సీటీ తీయాలి. రేడియేషన్ తగ్గించడానికి పిల్లలకు సాధారణంగా ఒకే దశలో, కాంట్రాస్ట్ ఎక్కించిన సుమారు 60-70 సెకన్లకు, పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) నిండే వేళకు చిత్రాలు తీస్తాము. అది సబబే. కానీ ఆ దశలో కనిపించిన తెల్లటి చుక్క కారుతున్న రక్తమా, ధమని గోడ చిరిగి ఉబ్బిన సూడోఅన్యూరిజమా అన్నది ఒక్కోసారి తేలదు. అప్పుడు కొన్ని నిమిషాలాగి, కాలేయం మేరకే మళ్లీ తీస్తే, కారే రక్తం పరచుకుని పెద్దదవుతుంది; సూడోఅన్యూరిజం అదే ఆకారంలో ఉండి, మిగతా ధమనులతో పాటే వెలిసిపోతుంది. పోర్టల్ సిరల చుట్టూ కనిపించే నల్లటి పట్టీలను చూసి మాత్రం కంగారు పడనక్కర్లేదు, సెలైన్ ఎక్కువగా ఎక్కించినా అవి వస్తాయి.

అమెరికా ట్రామా సర్జన్ల సంఘం 2018లో సవరించిన కాలేయ గాయాల తీవ్రత గ్రేడింగ్‌లో, కాలేయం లోపలికే పరిమితమైన నాళ గాయాన్ని మూడో గ్రేడులో, రక్తం కాలేయం దాటి పొట్టలోకి కారితే నాలుగో గ్రేడులో చేర్చారు. గ్రేడు పెరిగిందని నిలకడగా ఉన్న బిడ్డను వెంటనే, రక్తం కారే ధమనిని లోపలి నుంచి మూసే ఎంబొలైజేషన్‌కు పంపడం తొందరపాటేనని నా అభిప్రాయం. నాడి వేగం, హిమోగ్లోబిన్ ఏం చెబుతున్నాయో ముందు చూడాలి. ఎంబొలైజేషన్ తప్పనిసరైతే పోర్టల్ సిర తెరిచి ఉందో లేదో రేడియాలజిస్టు రిపోర్టులో రాసి తీరాలి, ఎందుకంటే కాలేయానికి సుమారు 75 శాతం రక్తం తెచ్చేది అదే.

సూడోఅన్యూరిజం మొదటి సీటీలో లేకపోయినా, రోజులూ వారాలూ గడిచాక బయటపడవచ్చు. అది పిత్తనాళంలోకి చిట్లితే కడుపునొప్పి, కామెర్లు, నల్లటి విరేచనం వస్తాయని 1871లోనే జర్మన్ వైద్యుడు క్వింకే వర్ణించారు, కానీ మూడూ కలిసి రావాలని లేదు. తీవ్రమైన గాయమైతే కొన్ని రోజుల తర్వాత డాప్లర్ (రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే అల్ట్రాసౌండ్) చేయడం మేలు. సూడోఅన్యూరిజం సంచిలో ఎరుపు, నీలం రంగులు సగం సగంగా సుడి తిరుగుతూ కనిపిస్తాయి. డాప్లర్‌లో స్పష్టత రాకపోతే, సన్నటి బుడగల కాంట్రాస్ట్‌తో చేసే అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేకుండానే చూడవచ్చు. ఇంటికి పంపేటప్పుడు నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కొత్తగా నొప్పి వస్తే అర్ధరాత్రయినా తీసుకురమ్మని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించాలి.