నెమ్మదిగా పరుగెత్తేవాళ్లూ రన్నర్లే

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. పొద్దున్నే రన్ ముగించుకుని, టిఫిన్ కూడా చేయకుండా వచ్చి కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన రన్నింగ్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లను పరిచయం చేసుకోమంటే చాలామంది ఒకే మాట అంటారు. "నేను రన్నర్నేం కాదండీ, ఏదో కాస్త జాగింగ్ చేస్తుంటాను." వారంలో నాలుగు రోజులు తెల్లవారకముందే లేచి, ఐదారు కిలోమీటర్లు ఆగకుండా వెళ్లొచ్చే మనిషి కూడా ఇదే అంటారు. అదేంటండీ అంటే, "నా స్పీడ్ చూశారు కదా" అని జవాబు. ఈ మాటను ఇవాళ నేను గట్టిగా కాదనదలచుకున్నాను. జాగింగ్ అనేది పరుగెత్తే పద్ధతుల్లో ఒకటి. అది చేసే మనిషి రన్నరే. కిలోమీటరుకు ఐదు నిమిషాలు పట్టినా రన్నరే, తొమ్మిది నిమిషాలు పట్టినా రన్నరే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. నడకను పరుగు నుంచి వేరుచేసేది వేగం కాదు. నడిచేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక పాదం నేలమీద ఉంటుంది. పరుగులో ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య రెండు పాదాలూ నేల విడిచే క్షణం ఒకటి వస్తుంది. ఒలింపిక్స్‌లో రేస్ వాకింగ్ అనే పోటీ చూసే ఉంటారు. రెండు పాదాలూ లేచినట్టు కంటికి కనబడితే జడ్జీలు అక్కడ రెడ్ కార్డు ఇస్తారు. ఆ నియమానికి కట్టుబడి నడుస్తూనే అగ్రశ్రేణి వాకర్లు 20 కిలోమీటర్లను గంటా 17 నిమిషాల లోపే పూర్తిచేశారు. కిలోమీటరుకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదన్నమాట. మన గ్రూపులో అందరికన్నా ముందుండే కుర్రాళ్లు కూడా అంతదూరం ఆ వేగంతో పరుగెత్తలేరు. అయినా వాళ్లు వాకర్లు, వీళ్లు రన్నర్లు. పేరు వేగాన్ని బట్టి వచ్చేదే అయితే ఈ లెక్క కుదరదు.

మరి జాగర్ అనే మాటకు ఈ చిన్నతనం ఎక్కణ్నుంచి వచ్చింది? మొదట్లో అది గౌరవంగా బతికిన మాట. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఉండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గ్ ఇద్దరూ బంగారు పతకాలు గెలిచారు. అంతటి కోచ్, ఆక్లాండ్‌లో గుండెజబ్బు వచ్చి కోలుకున్నవాళ్లను, బరువు పెరిగిన మధ్యవయసు వాళ్లను పోగేసి మెల్లగా పరుగెత్తించడం మొదలుపెట్టాడు. గుండెపోటు వచ్చినవాళ్లు మంచం దిగకూడదని డాక్టర్లే చెప్పే కాలం అది.

1962 చివర్లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బవర్‌మన్ న్యూజిలాండ్ వెళ్లాడు. తర్వాత నైకీగా మారిన కంపెనీని ఫిల్ నైట్‌తో కలిసి పెట్టింది ఈయనే. ఒకరోజు లిడియార్డ్ బృందంతో పాటు గుట్ట ఎక్కే దారిలో బయల్దేరాడు. కాసేపటికే ఆయాసం ముంచుకొచ్చింది. డెబ్బై దాటి, గుండెపోట్లు తట్టుకుని బతికిన ఒక పెద్దాయన తన వేగం తగ్గించుకుని ఆయనకు తోడుగా వచ్చాడు. ఒలింపియన్లను తయారుచేసిన బవర్‌మన్‌కు అప్పుడు యాభై దాటింది. తిరిగి వెళ్లగానే యూజీన్ ఊళ్లో మామూలు జనాన్ని పిలిచి జాగింగ్ నేర్పించాడు. ఒక గుండె వైద్యుడితో కలిసి 1967లో దానిమీద పుస్తకమూ రాశాడు. అమెరికా అంతా రోడ్డెక్కి పరుగెత్తడం మొదలైంది ఆ పునాది మీదే.

సరిగ్గా అక్కడే పేచీ వచ్చింది. జనం పెరిగారు, రేసులకు రావడం మొదలుపెట్టారు. బోస్టన్ మారథాన్‌లో వందల్లో ఉండే సంఖ్య వెయ్యి దాటింది. నిర్వాహకులకు టెన్షన్ పట్టుకుంది. 1970 ఎంట్రీ ఫారంలో కొత్త షరతు పెట్టారు. నాలుగు గంటల లోపు పూర్తిచేసేంత సాధన ఉందని ధ్రువీకరణ తేవాలి. దాని పక్కనే ఇంకో వాక్యం రాశారు: ఇది జాగింగ్ రేసు కాదు అని. గుండె జబ్బు మనిషిని మంచం మీంచి లేపిన మాట అది. ఏడెనిమిదేళ్లు తిరక్కుండానే గేటు మూయడానికి పనికొచ్చింది. నెమ్మదిగా వెళ్లేవాళ్లు వేరే జాతి అన్న అభిప్రాయం ఇలాంటి చోట్లనే గట్టిపడిందని నా నమ్మకం.

ఆ గీత ఎంత తప్పో చెప్పడానికి అదే బోస్టన్‌లో కాథరిన్ స్విట్జర్ ఉంది. 1967లో పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు, ఇంటిపేరు మాత్రమే రాసి బిబ్, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు, తీసుకుంది. ఆడవాళ్లకు అనుమతి లేని రోజులవి. నిర్వాహకుల్లో ఒకాయన పరుగు మధ్యలోనే వెంటపడి ఆ బిబ్ పీకేయబోయాడు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు ఆమె రేసు పూర్తిచేసింది, నాలుగు గంటలకు పైనే పట్టింది. 1970 షరతు ప్రకారం చూస్తే ఆమె వట్టి జాగర్. 1972లో ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చారు. 1975లో అదే దారిలో ఆమె 2 గంటల 51 నిమిషాల్లో చేరింది. మరి ఆమె ఎప్పుడు రన్నర్ అయినట్టు? 1967లో ఆ నిర్వాహకుడి చేతిలోంచి తప్పించుకుని 42 కిలోమీటర్లు వెళ్లిన రోజు కాదా?

మన దగ్గరికి వద్దాం. ఏ జిల్లా కేంద్రంలోనైనా తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకు వెళ్లండి. మార్నింగ్ వాకర్స్ అసోసియేషన్ వాళ్లు బయటి అంచున కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతుంటారు. లోపలి గీత కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీసు చేసే పిల్లలది. ఒకడు చేతిలో ఫోన్ పట్టుకుని టైము చెబుతుంటాడు, మిగతావాళ్లు చెప్పుల్లేకుండానో, మడమ అరిగిపోయిన షూతోనో గుండ్రంగా తిరుగుతుంటారు. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అని పెట్టారు. రెండోది లెక్కేయండి. కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు. మనం "అబ్బే, జాగింగేనండీ" అని కొట్టిపారేసే వేగం ఇదే. దాన్ని అందుకోవడానికి ఒక అమ్మాయి నెలల తరబడి మంచులో లేచి వస్తోంది. ఎవరైనా అడిగితే ఆ అమ్మాయి రన్నింగ్‌కు వెళ్తున్నాననే చెబుతుంది. సిగ్గుపడదు, సంజాయిషీ ఇవ్వదు.

ఈ సిగ్గు దగ్గర కాస్త ఆగాలి. పేరులో ఏముందిలే అనేవాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. మన గ్రూపులో ఒక అక్కయ్య ఉన్నారు. మొదట్లో వాళ్ల అపార్ట్‌మెంట్ లోపలే పరుగెత్తేవారు. ఒకరోజు తోడుగా వెళ్లి చూశాను. గేటు దగ్గర వాచ్‌మన్, పక్కనే బెంచీ మీద నలుగురు. ఆ బెంచీ వస్తోందనగానే ఆవిడ వేగం అమాంతం పెరిగేది. చున్నీ బిగించి, భుజాలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి బెంచీ దాటేవారు. జనరేటర్ గది వెనక మలుపు తిరగ్గానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవారు. ప్రతి రౌండూ అంతే. కొన్నాళ్లకు ముంగాలి ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఇది నా ఒంటికి పడదేమో అని మానేద్దామనుకున్నారు.

ఆవిడ ఒంటికి పరుగు బాగానే పడుతుంది. పడనిది ఆ బెంచీ ముందు పరుగు. రన్నర్ అంటే వేగంగా వెళ్లాలి, లేకపోతే నవ్వుతారు అనే భయంతో కొత్తవాళ్లు తమ ఒంటికి మించిన వేగంతో మొదలుపెడతారు. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే దారికొస్తాయి. ఎముకలు, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది మొదటి నెలల్లోనే దెబ్బ తగిలించుకుని మానేస్తారు. రన్నర్ అనే పేరుకు వేగంతో పనిలేదని వాళ్లకు నిజంగా నమ్మకం కలిగితే, నెమ్మదిగా వెళ్లడానికి ధైర్యం వస్తుంది. అందుకే ఈ పేరు కోసం ఇంత పట్టుబడుతున్నాను.

ఎంత నెమ్మదిగా అంటే, పక్కవాళ్లతో నిన్న ఇంట్లో జరిగిన గొడవంతా పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. జపాన్‌లో ఫుకుయోకా విశ్వవిద్యాలయం ఆచార్యుడు హిరోయాకి తనకా దీన్ని నికో నికో వేగం అన్నాడు, అంటే చిరునవ్వు చెదరని వేగం. ఆయన దానికి స్లో జాగింగ్ అనే పేరే పెట్టాడు, అక్కడి పెద్దవాళ్లు ఆ పేరు ఇష్టంగానే చెప్పుకుంటారు. అలా ఇష్టంగా జాగర్ అని చెప్పుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. ముందు 'ఏదో' అని, తర్వాత 'కాస్త' అని తగిలించి చెబితేనే నాకు బాధ.

పెద్ద రన్నర్లూ జాగింగ్ చేస్తారు. 2019లో వియన్నాలో 42 కిలోమీటర్లను రెండు గంటల లోపు పూర్తిచేసి చూపించిన కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే కూడా వారంలో ఎక్కువ కిలోమీటర్లు తన రేసు వేగానికి చాలా తక్కువలో, తేలిగ్గా పరుగెత్తేవాడే. ఆ ఉదయాల్లో ఆయన్ని జాగర్ అని, రేసు రోజున రన్నర్ అని పిలుస్తామా? అదే మర్యాద మనకూ వర్తిస్తుంది.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. వేసవిలో విజయవాడలోనో విశాఖ బీచ్ రోడ్డులోనో తెల్లవారుజామున కూడా గాలిలో తేమ చెమటను ఆరనివ్వదు. ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, ఆ మేరకు కాళ్లకు తగ్గుతుంది. అదే శ్రమకు వేగం పడిపోతుంది. చలిదేశపు యాప్ చెప్పిన పేస్‌తో, అంటే కిలోమీటరుకు పట్టే సమయంతో, పోల్చుకుని మే నెలలో మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

వేగంగా వెళ్లే మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. "మేం ఏళ్ల తరబడి ట్రాక్ మీద చెమటోడ్చాం. ప్రతివాళ్లూ రన్నరే అయితే మా కష్టానికి విలువేంటి?" అది న్యాయమైన బాధే, నేను కొట్టిపారేయను. వాళ్ల కష్టానికి గుర్తింపు ఉండాలి, ఉంది కూడా. పోడియం ఉంది, వయసువారీ బహుమతులున్నాయి, బోస్టన్ లాంటి చోట ఇప్పటికీ అర్హత సమయాలున్నాయి. రోడ్డు మీద చోటు పరిమితం కాబట్టి ఆ వడపోత సబబే. బిబ్ ఎవరికివ్వాలో నిర్ణయించడానికి టైము పనికొస్తుంది. మనిషిని ఏమని పిలవాలో నిర్ణయించడానికి పనికిరాదు. 2011లో టొరంటోలో ఫౌజా సింగ్ 8 గంటల 11 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేశారు. నూరేళ్ల వయసని చెప్పారు, జనన ధ్రువపత్రం లేక గిన్నిస్ వాళ్లు రికార్డు ఇవ్వలేదు. కిలోమీటరుకు పదకొండున్నర నిమిషాలు దాటింది, అంటే చురుకైన నడక వేగం. 2025 జులైలో పంజాబ్‌లోని సొంత ఊళ్లో వాహనం ఢీకొని ఆయన పోయినప్పుడు ప్రపంచమంతా రన్నర్ పోయాడనే చెప్పుకుంది. వేగంగా పరుగెత్తేవాళ్లెవరూ దానికి చిన్నబోలేదు.

ఇక మనం చేయాల్సిన పని. ఈ ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు మనవాళ్లు చాలామంది వెళ్తున్నారు. ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఉన్న దారి, నెమ్మదిగా వెళ్లేవాళ్లకు పరీక్షే. ఎక్కడని చెప్పను కానీ, ఒక రేసులో చివరి గుంపుతో వెళ్లినప్పుడు నీళ్ల టేబుళ్లు మడిచేస్తుండగా చేరుకున్నాం. అరటిపండ్లు అయిపోయాయి, డ్రమ్ము అడుగున రెండు గ్లాసుల నీళ్లున్నాయి, అప్పటికి ఎండ చుర్రుమంటోంది. మా ముందు వెళ్లినవాళ్లూ మేమూ కట్టిన ఫీజు ఒకటే. ఎండలో ఎక్కువసేపు ఉండేది చివరివాళ్లు కాబట్టి నీళ్లు ఎక్కువ కావాల్సిందీ వాళ్లకే. "మేం జాగర్లమేలెండి" అనుకునేవాళ్లు ఇది అడగరు, సర్దుకుపోతారు. మీరు అడగండి. రిజిస్ట్రేషన్ అప్పుడే కటాఫ్ టైము, అంటే రేసు ముగించడానికి ఇచ్చే గడువు, ఎంత, చివరి మనిషి వచ్చేదాకా నీళ్లు, అంబులెన్సు ఉంటాయా అని రాసి అడగండి. గ్రూపు తరఫున ఉత్తరం నేను తయారుచేశాను, వెళ్లేటప్పుడు సంతకం పెట్టండి.

ఇంకొకటి. వచ్చే ఆదివారం నుంచి మన లాంగ్ రన్‌లో కిలోమీటరుకు తొమ్మిది నిమిషాల బృందం ఒకటి పెడుతున్నాం. అందరికన్నా అరగంట ముందు బయల్దేరుతుంది, అప్పుడు అందరూ ఇంచుమించు ఒకేసారి తిరిగొచ్చి కలిసి టిఫిన్ చేయొచ్చు. నీళ్ల సీసాలు మోయడానికి, రోడ్డు దాటేచోట నిలబడటానికి ఇద్దరు వేగవంతమైన రన్నర్లు వంతులవారీగా వాళ్లతో రావాలి. ఇప్పటికి ఆ ఇద్దరి పేర్ల చోటు ఖాళీగా ఉంది. ఎవరు రాస్తారో ముందుకు రండి.