నూనె క్యాన్ ఎన్నాళ్ళొస్తోంది? – బరువు తగ్గడంపై తిరుపతి నుంచి ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. బరువు తగ్గడంపై మీ సందేహాలకు డైటీషియన్ గారు జవాబులిస్తారు. మొదటి కాల్ చంద్రగిరి నుంచి. చెప్పండమ్మా.

మహిళ: నమస్తే మేడమ్. మూడు నెల్లుగా రాత్రిపూట అన్నం మానేసి సంగటి తింటా ఉండాను. 74 కిలోలుండా, అర కిలో కూడా తగ్గలే. రాగులు మంచివే కదా?

డైటీషియన్: మంచివేనమ్మా. పీచు, కాల్షియం బియ్యం కంటే చాలా ఎక్కువ. కాలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 ఉంటే, రాగిపిండిలో 320 పైచిలుకు. పైగా సంగటిలో బియ్యం కూడా పడతాయి. ముద్ద ఎంతుంటుంది? నంజుకోను ఏముంటుంది?

మహిళ: ఒకటే ముద్ద మేడమ్, కొంచెం పెద్దదే. ఊరిమిండి ఉంటుంది.

డైటీషియన్: చెనిక్కాయల (వేరుశనగల) పచ్చడే కదా? 30 గ్రాముల గింజలంటే 170 కాలరీలు. మానెయ్యమనడం లేదు, గరిటెతో కాకుండా స్పూనుతో వేసుకోండి. ముద్ద సగం చేసి, ఆ సగం చోట్లో ఆకుకూర పప్పో, చిక్కుడుకాయ కూరో పెట్టుకోండి. కూర ముందు వడ్డించుకుంటే సంగటి దానంతటదే తగ్గుతుంది. సరే, ఇంట్లో ఎంతమంది? నెలకు నూనె ఎంత?

మహిళ: నలుగురం. ఐదు లీటర్ల క్యాన్ నెలకు సరిపోతుంది.

డైటీషియన్: అసలు సంగతి ఇక్కడుంది. మనిషికి నెలకు లీటరుంపావు, రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే. నూనె ఒక్కదాంతోనే 340 కాలరీలు! మనిషికి అర లీటరుకు దిగితే రోజూ 200 తగ్గుతాయి, కడుపుకు తెలియకుండానే. కానీ ఒకే నెలలో ఐదు నుంచి రెండుకు దిగొద్దు. కూర రుచి పోయిందని ఇంట్లోవాళ్ళు గోల చేస్తే మళ్ళీ మొదటికొస్తారు. ఈ నెల నాలుగు, పై నెల మూడు, ఆ తర్వాత రెండు. నెల మొదట్లోనే కొలిచి వేరే సీసాలో పోసిపెట్టుకోండి, బాణలిలోకి స్పూనుతోనే. వంకాయ, బెండకాయ లాంటివి నూనె పీల్చేస్తాయి. ముందు మూతపెట్టి కాసిని నీళ్ళతో మగ్గించి, ఆఖర్న రెండు స్పూన్లతో తాలింపు పెట్టండి. బరువు వారానికొకసారే, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పూ నీళ్ళ వల్లే కిలో అటూ ఇటూ కనిపిస్తుంది, ఊరికే దిగులు.

యాంకర్: మరి లడ్డు ప్రసాదం మేడమ్?

డైటీషియన్: చిన్న లడ్డే సుమారు 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, శెనగపిండి కలిసి 700 కాలరీలకు తగ్గదు. ఎనిమిది మందికి పంచండి, అదే పద్ధతి కూడా.

యాంకర్: చిత్తూరు నుంచి ఒకరు లైన్లో ఉండారు.

పురుషుడు: మేడమ్, పోయినేడు అన్నం, టిఫిన్ అన్నీ మానేసి పళ్ళరసాలతో 8 కిలోలు తగ్గినాను. ఇప్పుడు 10 పెరిగినాను. షాపులో కూర్చునే పని.

డైటీషియన్: అలా తగ్గిన దాంట్లో నీళ్ళూ, కండా కూడా పోతాయండి. కండ తగ్గితే ఒంటికి రోజూ కావలసిన కాలరీలూ తగ్గుతాయి. మళ్ళీ పాత తిండికొచ్చేసరికి మిగిలినదంతా కొవ్వుగా చేరుతుంది. ఈసారి నెలకు రెండు కిలోలు మించి ఆశించొద్దు. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కాలరీల లోటు రావాలి. రోజుకు 500 చొప్పున పదిహేను రోజులు. ప్రొటీన్ మీ బరువులో కిలోకు ఒక గ్రాము లెక్కన చూసుకోండి. గుడ్డుకు 6 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పుకు 11. ఇడ్లీలు నాలుగు తినేచోట రెండు ఇడ్లీ, రెండు ఉడికించిన గుడ్లు. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు, గోడకు చేతులానించి పుషప్స్ అన్నే. సులువైపోయాక వీపున సంచీలో లీటరు నీళ్ళ సీసాలు రెండు వేసుకుని చెయ్యండి.

యాంకర్: ఆఖరి కాల్, రేణిగుంట నుంచి.

మహిళ: నాకు 55 ఏండ్లు మేడమ్, షుగరుంది, మోకాళ్ళ నొప్పులు. శనివారం శనివారం అలిపిరి మెట్లెక్కితే తగ్గుతానా?

డైటీషియన్: ఇప్పుడప్పుడే వద్దమ్మా. 3,550 మెట్లు, వారమంతా కదలని మోకాలికి ఒక్కసారిగా! మొక్కుంటే నెమ్మదిగా ఎక్కండి, దిగడం మాత్రం బస్సులోనే. దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ. రోజూ కావలసింది సమతల నడక. ఎస్వీ యూనివర్సిటీ రోడ్డయినా, మీ వీధయినా ఒకటే. మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంతో. రెండు మూడు వారాల్లో నిదానంగా ఆ లెక్కకు చేరండి, వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదు. షుగరుకు ఏం వాడతారు?

మహిళ: మాత్రలు, రాత్రి ఇన్సులిన్.

డైటీషియన్: అయితే తిండి తగ్గించకముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు చూపించుకోండి. లేకపోతే షుగరు పడిపోతుంది. నడిచేటప్పుడు చక్కెర పొట్లం దగ్గరుంచుకోండి. చెమటలు, వణుకు మొదలైతే అక్కడే ఆగి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పదిహేను నిమిషాల తర్వాత షుగరు చూసుకుని, 70 కంటే తక్కువుంటే మళ్ళీ అంతే తాగండి. ఆ రోజుకు నడక చాలు.