జూలియా అంటే జూలైలో పుట్టిన పిల్ల కాదక్కా!

మా అక్కావాళ్లు జర్మనీలో ఉంటారు. జూలైలో పాప పుట్టింది. "జూలైలో పుట్టింది కదరా, జూలియా అని పెడదామనుకుంటున్నాం, ఆ మాటకి అర్థం కూడా అదేనట" అని ఫోను. వెనకాలే ఏదో పేర్ల వెబ్‌సైట్ లింకు. తెరిచి చూస్తే అందులో ఇంకో రత్నం: జూలియా అంటే నవయవ్వనవతి! ఒళ్లు మండి ఈ వీడియో చేస్తున్నా.

పేరు చక్కగా ఉంది, పెట్టుకోండి. కానీ అది నిజానికి ఇంటిపేరు.

రోమ్‌ని ఏలిన సీజర్ పూర్తి పేరు గాయస్ జూలియస్ సీజర్. గాయస్ అమ్మానాన్న పెట్టిన పేరు, జూలియస్ వంశం పేరు, సీజర్ ఆ వంశంలో ఒక శాఖ. మగాడికి మూడు పేర్లు. మరి ఆడపిల్లకి? సీజర్ కాలానికి రోమ్‌లో ఆడపిల్లకి విడిగా పేరు వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఇంటిపేరు చివర 'ఆ' తగిలించేవాళ్లు, అయిపోయింది. జూలియస్ వాళ్లమ్మాయి జూలియా, క్లాడియస్ వాళ్లమ్మాయి క్లాడియా.

మన ఊళ్లో గుమ్మడి వారని ఒక కుటుంబం ఉందనుకోండి. వాళ్లింట్లో పుట్టిన ఆడపిల్లలంతా గుమ్మడమ్మలే. పండక్కి అందరూ చేరాక వంటింట్లోంచి "గుమ్మడమ్మా!" అని ఒక్క కేక వేస్తే నలుగురు పలుకుతారు. నవ్వకండి, సీజర్ ఇల్లు అచ్చం ఇదే. మేనత్త జూలియా. తోబుట్టువులిద్దరూ జూలియాలే. కూతురు కూడా జూలియా. మరి గుర్తుపట్టడం ఎలా? మనలాగే పెద్ద గుమ్మడమ్మ, చిన్న గుమ్మడమ్మ. జూలియా మేజర్, జూలియా మైనర్. మూడో పిల్ల పుడితే 'టెర్షియా', అంటే మూడోది. అంతే, నంబరు!

ఒక్క విషయంలో మాత్రం వాళ్లే నయం. పెళ్లయినా ఆడదాని ఇంటిపేరు మారదు. సీజర్ మేనత్త మేరియస్ అనే రోమన్ సేనానిని చేసుకుంది, అయినా పోయేదాకా జూలియానే. క్రీ.పూ. 69లో ఆవిడ పోతే సీజర్ ఉపన్యాసం ఇస్తూ, మా జూలియస్ వంశం సాక్షాత్తూ వీనస్ దేవత నుంచి దిగింది అన్నాడు. మేనత్త శవం పక్కన ఎన్నికల ప్రచారం లాంటిదే, నన్నడిగితే.

పెళ్లికి మారని పేరు దత్తతకి మారుతుంది. ఇది నాకు భలే ఇష్టమైన ముక్క. రోమ్ మొదటి చక్రవర్తి ఆగస్టస్ పుట్టింది ఆక్టేవియస్ ఇంట్లో. అతని అక్కలిద్దరి పేర్లు చెప్పండి చూద్దాం? ఆక్టేవియా, ఆక్టేవియా. (ఆక్టేవియా అంటే ఎనిమిదో సంతానం అనేవాళ్లకి ఒక దండం.) క్రీ.పూ. 44లో సీజర్ వీలునామా తెరిస్తే ఇతన్ని దత్తత తీసుకున్నట్టు ఉంది. అంటే కుర్రాడు గుమ్మడి వారింటికి వచ్చేశాడు. అందుకే క్రీ.పూ. 39లో పుట్టిన కూతురు జూలియా అయింది. లేకపోతే ఇంకో ఆక్టేవియా! అక్కడితో ఆగలేదు. క్రీ.శ. 14లో ఆగస్టస్ పోతూ పోతూ భార్య లివియానే వీలునామాలో తన వంశంలోకి దత్తత తీసుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ జూలియా అగస్టా. కోడలు గుమ్మడమ్మ కావాలంటే మొగుడు పోవాలన్నమాట.

ఇప్పుడు జూలై. క్వింటిలిస్ అనే నెల సీజర్ పుట్టిన నెల. క్రీ.పూ. 44లో దానికి ఆయన పేరు పెట్టారు. గుమ్మడాయన ఇంటిపేరు నెలకి పెట్టారు, నెల పేరు గుమ్మడమ్మకి పెట్టలేదు. అర్థమైందా అక్కా?

యవ్వనం గోల ఎక్కడిదంటే, ఈ వంశానికి మూలపురుషుడు యూలస్ అని చెప్పుకునేవాళ్లు. ఆ పేరుని గ్రీకులో 'ఇయూలోస్' అనే మాటతో ముడిపెడతారు. దాని అర్థం లేత గడ్డం. మీ నవయవ్వనవతి అసలు నూనూగు మీసాల కుర్రాడు! జూలియస్ అనే పేరు జూపిటర్ దేవుడి పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదన ఉంది, నా ఓటు దానికే.

అమ్మో, బ్యాటరీ ఎర్రగీత చూపిస్తోంది. మిగతావి గబగబా. ఇటలీలో జూలియా, ముద్దుగా జూలియెట్టా. షేక్‌స్పియర్ జూలియట్ ఆ ముద్దుపేరే. ఫ్రాన్స్‌లో జూలీ. స్పెయిన్‌లో హూలియా. రష్యాలో యూలియా. జూలియానా అనే పిల్లకొమ్మ ఇంగ్లండ్‌లో నలిగి నలిగి జిలియన్ అయింది, అదీ అరిగి జిల్ అయింది.

చివరిగా, అక్కా, మీ పక్కింటి జర్మన్ ఆవిడ పాపని "యూలియా" అని పిలుస్తుంది. దిద్దబోకు. లాటిన్‌లో 'జ' శబ్దమే లేదు, సీజర్ తన కూతుర్ని పిలిచిందీ అలాగే.