బోర్డు పెట్టకముందే: కొత్త స్కూలుకు అనుమతులు

హోస్ట్: ఈ ఎపిసోడ్‌లో నాతో ఉన్నది మండల విద్యాధికారిగా పనిచేసి రిటైరైన సార్. ప్రైవేటు స్కూళ్ల ఫైళ్లు చూశారు, ఇన్‌స్పెక్షన్లు చేశారు. సార్, ఎవరైనా వచ్చి "స్కూలు పెడదామనుకుంటున్నాను, మొదట ఏ ఆఫీసుకి వెళ్లాలి?" అని అడిగితే ఏం చెప్తారు?

అతిథి: ఆఫీసుకి తర్వాత వెళ్దువుగాని, ముందు బిల్డింగ్ చూపించు అంటానమ్మా. చాలామంది ఏం చేస్తారంటే, ముందు బిల్డింగ్ మాట్లాడుకుంటారు, అడ్వాన్స్ ఇస్తారు, రంగులు వేయిస్తారు, పాంప్లెట్లు పంచుతారు. అప్పుడు గుర్తొస్తుంది పర్మిషన్ సంగతి. ఆ బిల్డింగ్ స్కూలుకి పనికిరాదని అప్పుడు తేలితే ఏం చేస్తారు? డబ్బు పెట్టేశారు, వెనక్కి రాలేరు. అడ్డదారులు మొదలయ్యేది అక్కడే.

హోస్ట్: పనికిరాదంటే ఎలాంటివి సార్?

అతిథి: ఇంటికోసమో షాపులకోసమో ప్లాన్ తీసుకుని కట్టినవి. మెట్లు ఒకవైపే ఉంటాయి, అవీ ఇరుకు. కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్స్. సెల్లార్‌లో క్లాసులు. సందులోకి ఫైరింజన్ రాదు. 2004 జూలై 16న తమిళనాడులో కుంభకోణంలో ఏమైందో గుర్తుందా? వంటశాలలో అంటుకున్న మంట క్లాసుల మీది పాకకు పాకింది. 94 మంది పిల్లలు చనిపోయారు. చిన్న చిన్న పిల్లలు. బయటపడటానికి సరైన దారి లేదు.

హోస్ట్: ఆ తర్వాతే కదా సార్, కోర్టు కేసు...

అతిథి: అవును. 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. గుర్తింపు ఇచ్చేముందే ఆ భవనం నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం సురక్షితంగా ఉందో లేదో రాష్ట్ర ప్రభుత్వాలు చూసుకోవాలి అంది. మంటలార్పే సామగ్రి ఉండాలి, దాన్ని వాడటం టీచర్లకి నేర్పాలి అంది. అందుకే ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే 'అభ్యంతరం లేదు' పత్రం అడిగితే విసుక్కునే కరస్పాండెంట్లను చూస్తే నాకు బాధేస్తుంది. అది ఫైల్లో పెట్టే కాగితం కాదమ్మా. ఆ మెట్ల మీద నుంచి రేపు దిగాల్సింది ఆరేళ్ల పిల్లలు.

హోస్ట్: మరి బిల్డింగ్ సరిగ్గా ఉందనుకుందాం. చేతిలో ఏయే కాగితాలు ఉండాలి?

అతిథి: మొదట స్కూలు ఎవరి పేరుమీద అన్నది తేల్చుకోవాలి. సొంత పేరుతో వ్యాపారంలా పెట్టేది కాదు. సొసైటీ గానీ ట్రస్టు గానీ రిజిస్టర్ చేయించుకోవాలి. అది పెద్ద పనేం కాదు, ఆడిటర్ చూసుకుంటాడు. స్థలం సొంతమైతే పత్రాలు, అద్దెదైతే రిజిస్టర్ చేసిన లీజు. ఉత్త స్టాంపు కాగితం మీద రాసుకున్నది నడవదు. వ్యవసాయ భూమిలో కడుతుంటే ముందు భూ వినియోగ మార్పు. పంచాయతీ అయితే పంచాయతీ, మున్సిపాలిటీ అయితే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్ కావాలి. ఆపైన భవనం గట్టిగా ఉందని ఇంజనీరు ఇచ్చే స్ట్రక్చరల్ సౌండ్‌నెస్ సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్, ఫైర్. నగరంలో అయితే ట్రాఫిక్ వాళ్లు కూడా వస్తారు, బస్సులూ ఆటోలూ ఎక్కడ ఆగుతాయని అడుగుతారు.

హోస్ట్: ఇన్ని ఆఫీసులా! వినేవాళ్లకి ఇప్పుడే టెన్షన్ వచ్చేసి ఉంటుంది.

అతిథి: ఎందుకు టెన్షన్? ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నాయని తెలుసుకుంటే చాలు. ప్లాన్ లేకుండా ఫైర్ వాళ్ల దగ్గరికి వెళ్తే తిప్పి పంపుతారు. ఫైర్ లేకుండా మా దగ్గరికొస్తే మేం తిప్పి పంపుతాం. జనం "ఆఫీసుల చుట్టూ తిప్పుతున్నారు" అంటారు. కొన్నిచోట్ల నిజంగానే తిప్పుతారు, కాదనను, అది తప్పే. కానీ చాలాసార్లు వరస తప్పడం వల్లే ఆ తిరుగుడు.

హోస్ట్: విద్యాశాఖ వైపు ఏ నిబంధన చూడాలి?

అతిథి: మన రెండు తెలుగు రాష్ట్రాలకీ పునాది ఒకటే. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, దాని కింద 1994 జనవరి 1న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీఓ ఎంఎస్ నంబర్ 1. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. తర్వాత సవరణలు చాలా వచ్చాయి కాబట్టి జిరాక్స్ షాపులో దొరికే పాత కాపీని నమ్ముకోవద్దు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులో తాజాది అడగండి. ఇందులో ముఖ్యమైనది, స్కూలు తెరవడానికి అనుమతి వేరు, గుర్తింపు వేరు. ఓపెనింగ్ పర్మిషన్ రాగానే అంతా అయిపోయిందని కొందరు అనుకుంటారు. గుర్తింపు తర్వాత రావాలి, అదీ మొదట తాత్కాలికంగా వస్తుంది, గడువు అయ్యేలోపు రెన్యువల్ చేయించుకోవాలి.

హోస్ట్: దీని మీద విద్యాహక్కు చట్టం కూడా ఉంది కదా.

అతిథి: ఉంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 18 ప్రకారం గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా నడుపుతూ ఉంటే రోజుకి 10,000. సెక్షన్ 19, దాని షెడ్యూలు ఏముండాలో చెప్తాయి. అన్ని కాలాల్లోనూ తట్టుకునే భవనం, టీచరుకో క్లాసు గది, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరు వేరు టాయిలెట్లు, మంచినీళ్లు, ఆటస్థలం, చుట్టూ గోడ గానీ కంచె గానీ. వీల్‌చైర్లో వచ్చే బిడ్డ కూడా లోపలికి రాగలగాలి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, ఒక ర్యాంపు కట్టడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి?

హోస్ట్: టీచర్ల సంఖ్య కూడా అందులోనే ఉందా?

అతిథి: అందులోనే. 1 నుంచి 5 వరకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. 6 నుంచి 8 వరకు క్లాసుకి కనీసం ఒకరు, ప్రతి 35 మందికి ఒకరు ఉండాలి. సంఖ్య సరిపెట్టడం కష్టం కాదు. నా బాధ వేరే. ఫైల్లో బీఈడీ, డీఈడీ చేసినవాళ్ల సర్టిఫికెట్లు ఉంటాయి, క్లాసులో ఇంటర్ పాసైన అమ్మాయి పాఠం చెప్తుంటుంది. సర్టిఫికెట్లు అడిగి తెచ్చుకుని ఫైల్లో పెట్టడం అన్నమాట. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు నేను రిజిస్టర్ కంటే ముందు పిల్లల్ని అడిగేవాణ్ని, "మీ లెక్కల టీచర్ పేరేంటి?" అని. ఫైల్లో ఉన్న పేరు చెప్తే సంతోషం.

హోస్ట్: చాలామంది నేరుగా సీబీఎస్ఈ స్కూలే పెడతాం అంటున్నారు సార్. అప్పుడు ఇవన్నీ తప్పుతాయా?

అతిథి: ఒక్కటీ తప్పదు. రాష్ట్రం వైపు పని ముందు అవ్వాలి, బోర్డు అనుబంధం, అంటే అఫిలియేషన్, దాని తర్వాత. పైగా బోర్డుకి భూమి లెక్క ఉంది. సాధారణ నిబంధన 8,000 చదరపు మీటర్లు, నగరాన్ని బట్టి తగ్గింపులుంటాయి. క్లాసు గది 500 చదరపు అడుగులు ఉండాలి. అంత స్థలం లేకుండా "సీబీఎస్ఈ ప్యాటర్న్" అని స్కూలు పేరు బోర్డు మీద రాసుకుంటారు చూడండి, తల్లిదండ్రులు దాన్ని అనుబంధం అనుకుంటారు. అది వాళ్లని మోసం చేయడమే.

హోస్ట్: అప్లై చేశాం, ఫైలు నడుస్తోంది. జూన్ వచ్చేసింది. అడ్మిషన్లు మొదలుపెట్టొచ్చా?

అతిథి: వద్దు. ఈ ఒక్క మాట కోసమే నేను మీ దగ్గరికి వచ్చాను. "ఫైలు పెట్టేశాం, ఎలాగూ వచ్చేస్తుంది" అని పిల్లల్ని చేర్చుకుంటారు. రాకపోతే? స్కూలుకి చాలావరకు యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో ప్రతి స్కూలుకీ ఇచ్చే నంబరు, ఉండదు. ఆ పిల్లల్ని గుర్తింపున్న ఇంకో స్కూలు రికార్డుల్లో చూపిస్తారు. చదివేది ఒకచోట, పేరు ఇంకోచోట. ఊరు మారాల్సి వచ్చినప్పుడు టీసీ దగ్గర ఇరుక్కుంటారు. పదో తరగతికి వచ్చేసరికి హాల్‌టికెట్ మీద తానెప్పుడూ చూడని స్కూలు పేరుంటుంది. జరిమానా యజమాని కడతాడు, నిజమే, కానీ ఆ బిడ్డ పోగొట్టుకున్న ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

హోస్ట్: అంటే ఒక ఏడాది ఆగమంటారా? అద్దె కడుతూ?

అతిథి: ఆగమనే అంటాను. ఆ అద్దె ముందే లెక్కలో వేసుకోండి. ఏడాది అద్దె భరించలేనివాళ్లు టీచర్లకి జీతాలు ఎలా ఇస్తారమ్మా? ఇంకో మాట, ఒకేసారి పదో తరగతి దాకా అడగకండి. 1 నుంచి 5 వరకు తీసుకుని బాగా నడిపి, పై తరగతులకి అప్‌గ్రెడేషన్ పెట్టుకోండి. దానికి మళ్లీ విడిగా అనుమతి కావాలి, అయినా అదే నయం.

హోస్ట్: తల్లిదండ్రులు ఎలా తెలుసుకోవాలి సార్, ఈ స్కూలుకి గుర్తింపు ఉందా లేదా అని?

అతిథి: అడగాలి. ఫీజు కట్టకముందే యూడైస్ కోడ్ అడగండి, 11 అంకెలుంటుంది. ఆన్‌లైన్‌లో వెతికితే స్కూలు పేరు, ఊరు, ఏ తరగతి దాకా ఉందో కనిపిస్తాయి. అక్కడ 5 వరకే ఉండి, వీళ్లు 8 దాకా నడుపుతుంటే ఎందుకని అడగండి. గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమనండి, దాని మీద గడువు ఏ సంవత్సరం వరకో చదవండి. అనుమానం ఉంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి వెళ్లండి. "గుర్తింపు లేని స్కూళ్ల లిస్టు ఉందా" అని ఎవరైనా వచ్చి అడగొచ్చు, అడిగితే చెప్పాలి.